గేరు కడ్డీకి కొత్త దారి



భౌతికశాస్త్ర పాఠములలో ఉష్ణవ్యాకోచము ఒక అధ్యాయము, వికిరణము మరియొక అధ్యాయము, స్థితిస్థాపకత వేరొక అధ్యాయము. పరీక్షలో ప్రశ్నలు సైతము వేర్వేరుగానే వచ్చును. కాని ఒక బండి క్రింద పడుకొని చూచినపుడు ఈ మూడు అధ్యాయములు జానెడు స్థలములో ఒకదానినొకటి ఒరసికొని కనిపించును. అట్టి జానెడు స్థలమును గూర్చియే ఈ వ్యాసము.

పెద్దకడుబూరులో ఒక మరమ్మతు షెడ్డు కలదు. దాని యజమానిని అందరును ఉస్తాద్ అని పిలుతురు. నేనును అట్లే పిలుతును. ఆయనయు, కొందరు విద్యార్థులును, నేనును కలిసి రెండు సెలవు కాలములలో ఒక చిన్న బండిని కూర్చితిమి. చట్రమునకు చదరపు ఉక్కు గొట్టములు, ఇంజను మరియు గేరుబాక్సు ఒక తుక్కు మారుతి 800 నుండి, కుర్చీలు మరియొక బండి నుండి. ఇట్లు విడిభాగములను తెచ్చి ఇంటివద్ద కూర్చుకొను బండిని ఆంగ్లదేశమున కిట్ కారు అందురు. అక్కడ ఇది పెద్ద సంప్రదాయము. 1957లో కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ ‘సెవెన్’ అను చిన్న కారును విడిభాగముల రూపమున అమ్మినది. పూర్తిగా తయారైన కారుపై అమ్మకపు పన్ను ఉండెను, విడిభాగములపై లేకుండెను. కొన్నవాడు తానే పానాలు పట్టి బిగించుకొనెడివాడు. 1973 ఏప్రిల్‌లో అక్కడ పన్నుల పద్ధతి మారగా ఆ లాభము పోయినది. ఆ సంవత్సరమే ‘సెవెన్’ తయారీ హక్కులు కేటరహామ్ సంస్థకు చేరినవి. అమెరికాలో 1964లో బ్రూస్ మేయర్స్ ఫోక్స్‌వాగన్ బీటిల్ విడిభాగములను ఆధారముగా గొని ఇసుకలో తిరుగు బండిని కూర్చెను. ఇట్టి బండ్లన్నిటికిని ఒకే తిప్పలు. ఒక బండి కొరకు నిర్మించిన భాగములను మరియొక చట్రములో అమర్చినపుడు అవి ఒకదాని దారికి ఒకటి అడ్డు తగులును. ముఖ్యముగా పొగగొట్టము, గేరు కడ్డీ.

గేరును మార్చు విధానములు మన ప్రాంతమున మూడు చూడగలము. పాత జీపులో గేరు కర్ర నేరుగా గేరుబాక్సు నెత్తి మీదనే మొలచియుండును. నడుమ కడ్డీ లేదు, చిక్కు లేదు. పాత అంబాసిడరులో, ప్రీమియర్ పద్మినిలో గేరు కర్ర స్టీరింగు చక్రము క్రిందనే ఉండి, కొన్ని కడ్డీల ద్వారా గేరుబాక్సును చేరెడిది. మారుతి 800లో ఇంజను ముందు భాగమున అడ్డముగా కూర్చున్నది, గేరుబాక్సు దాని ప్రక్కన. డ్రైవరు చేతిలోని కర్రకును గేరుబాక్సునకును నడుమ దూరమున్నది. ఆ దూరమును ఒక కడ్డీ దాటించును. ఎమ్మిగనూరు మగ్గములను చూచిన విద్యార్థులకు ఇది క్రొత్త కాదు. నేతగాడు కాలితో క్రింద తొక్కిన కర్ర, తాళ్ళ మీదుగా పైనున్న పోగుల వరుసను లేపును. పని ఒకచోట, ఆజ్ఞ వేరొకచోట.

ఈ ఒక్క కడ్డీ రెండు పనులు చేయును. గేరు కర్రను కుడి ఎడమలకు కదిపినపుడు కడ్డీ తన చుట్టు తాను కొంచెము తిరుగును. దానితో ఏ గేరు జతను పట్టవలెనో ఎంపిక జరుగును. కర్రను ముందు వెనుకలకు నెట్టినపుడు కడ్డీ పొడవునా జరుగును. దానితో ఆ గేరు పడును. తిరుగుట, జరుగుట: ఈ రెండింటిలో ఏది చెడినను బండి నడువదు. మారుతిలో ఈ కడ్డీ ప్రక్కనే మరియొక కడ్డీ కూడ ఉండును. దానిని ఆసరా కడ్డీ అందము. అది కదలక మెదలక ఉండును గనుక పనికిమాలినదిగా కనిపించును. మాకును అట్లే కనిపించినది. దాని సంగతి తరువాత.

మా చట్రము అసలు కారుకంటె ఇరుకైనది. ఇద్దరు మనుష్యుల నడుమ, నేల పలక క్రింద, సొరంగము వంటి సందు ఒకటి వదలితిమి. ఆ సందులోనే 40 మి.మీ. వ్యాసము గల పొగగొట్టమును, 10 మి.మీ. గేరు కడ్డీని ప్రక్కప్రక్కన పోనిచ్చితిమి. రెండింటి నడుమ 18 మి.మీ. సందున్నది. చల్లని ఇంజను మీద, నిలిచియున్న బండిలో, ఆ సందు మాకు చాలినంతగా తోచినది.

మొదటి పరీక్షకు పత్తి ఏరిన తరువాత బీడుగా వదలిన చేను చూచుకొంటిమి. చేని గట్టు ప్రక్కన పీకి వేసిన పత్తి కట్టె కుప్పలుగా ఎండియున్నది. నాలుగు చుట్లు బాగుగనే తిరిగినది. అయిదవ చుట్టులో రెండవ గేరు పడి మరల రాలేదు. నడుపుచున్న విద్యార్థి ఎంత లాగినను కర్ర జావలో గరిటె వలె తిరుగుచున్నదే గాని గేరు మారలేదు. అంతలో కాలిన వాసన. బండి నిలిచిన చోటు కట్టె కుప్పకు పది అడుగులు. ఇంజను ఆపి, నలుగురము బండిని వెనుకకు నెట్టి, క్రిందికి వంగి చూచితిమి. గేరు కడ్డీని పట్టియుంచు నైలాన్ బుష్ కరిగి సాగి కారుచున్నది. దాని గ్రీజు పొగలు చిమ్ముచున్నది. మేము తెచ్చుకొన్న ఇసుక బకెట్టు చేని మరియొక గట్టున ఉన్నది. ఆనాడు ఏమియు కాలేే గాని, ఆ పది అడుగులు నాకు చాల రోజులు గుర్తుకు వచ్చినవి. పత్తి పండు ఊరిలో నిప్పు ఎట్టిదో ఆదోని మార్కెట్టు ఎరిగినవారికి చెప్పనక్కర లేదు.

మరునాడు కడ్డీని ఊడదీసి చూడగా పొగగొట్టము వైపున్న మెరుగు పెట్టిన భాగము లేత గడ్డి రంగుకు తిరిగియున్నది. మెరుగైన ఉక్కు వేడెక్కినపుడు పైపొర రంగులు మారును. లేత గడ్డి రంగు సుమారు 220 నుండి 230 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, ఊదా 280 ప్రాంతమున, నీలము 300 ప్రాంతమున వచ్చును. కొలిమి వద్ద ఉలికి పదును పెట్టువారు ఈ రంగులనే చూచి నీటిలో ముంచుదురు. థర్మామీటరు లేని చోట ఇది మంచి సాక్ష్యము. సాధారణ నైలాన్ ఒక రకము 220 డిగ్రీల వద్దనే కరగును. కనుక బుష్ కరుగుటలో వింత లేదు.

ఇంత వేడి 18 మి.మీ. దాటి ఎట్లు వచ్చినది? ఇచ్చట స్టీఫన్ నియమము ఉపయోగించును. 1879లో స్టీఫన్ ప్రయోగముల ద్వారా కనుగొన్నదానిని 1884లో బోల్ట్జ్‌మన్ సిద్ధాంతముగా నిరూపించెను. వేడి వస్తువు వెదజల్లు వికిరణము దాని పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతమును అనుసరించును. పొగగొట్టము 300 డిగ్రీల వద్ద ఉన్నదనుకొనుడు. అనగా 573 కెల్విన్. మెత్తని నల్లరేగడిలో తక్కువ గేరులో ఇంజను శ్రమపడగా అది 500 డిగ్రీలకు చేరినదనుకొనుడు. అనగా 773 కెల్విన్. 773ను 573తో భాగించి నాలుగవ ఘాతమునకు హెచ్చించిన 3.3 వచ్చును. డిగ్రీలలో రెట్టింపు కూడ కాలేదు, వికిరణము మాత్రము మూడు రెట్లు దాటినది. షెడ్డు ముందర నిలిపి ఇంజను త్రిప్పి చూచినపుడు మాకు వేడి తెలియకపోవుటకు ఇదియే కారణము.

ఇంకొక సంగతి. 18 మి.మీ. అనునది చల్లని బండి కొలత. 1200 మి.మీ. పొడవు గల ఉక్కు గొట్టము సగటున 350 డిగ్రీలు వేడెక్కిన, డిగ్రీకి పది లక్షలలో 12 భాగముల చొప్పున సాగి, సుమారు 5 మి.మీ. పొడవగును. ఒక కొస ఇంజనుకు బిగించియున్నందున ఆ సాగుడు గొట్టమును ప్రక్కకు ఒంచవచ్చును. ఇంజను సైతము రబ్బరు దిమ్మల మీద ఊగును. పొగగొట్టము రబ్బరు వలయముల మీద వ్రేలాడును. కదలుచున్న వస్తువుల నడుమ సందును కొలుచుటకు మేము చేసిన ఉపాయము మీరును చేయవచ్చును. చేనిలోని తడి రేగడి మట్టిని ముద్దచేసి, చల్లని పొగగొట్టము మీద అంటించితిమి. ఇంజనును ఒక నిమిషమునకు మించకుండ నడిపి, ఆక్సిలరేటరును కుదిపి, గేర్లన్నియు వేసి చూచితిమి. తరువాత కడ్డీ నొక్కిన చోట మట్టి మందమును కొలువగా 7 మి.మీ. మాత్రమే మిగిలినది. అనగా మాకున్న అసలు సందు 7, 18 కాదు.

అపుడు ప్రశ్న ఏమనగా, రెండింటిలో దేనిని జరుపవలెను? విద్యార్థులలో ఎక్కువమంది పొగగొట్టమునే అనిరి. దోషి అది గనుక శిక్షయు దానికే అని వారి న్యాయము. కాని పొగగొట్టము ఎటు పోగలదు? క్రిందికి దింపిన, వాన పడిన రేగడి దారిలో ఎడ్లబండ్ల గాడి నడుమ గట్టు దానిని తన్నును. ఎడమకు మళ్ళించిన పెట్రోలు ట్యాంకు. కుడి ప్రక్కకు తీసి తలుపు క్రింద వదలిన, ఎండిన పత్తి మోళ్ళ మీదుగా కాలుచున్న గొట్టము పోవును, ఒకసారి చాలును. అదియు గాక ప్రతి మలుపును పొగకు అడ్డంకి. పొగ సులభముగా బయటికి పోనిచో ఇంజను శక్తి తగ్గి, అదే పనికి మరింత వేడెక్కును. గేరు కడ్డీ అట్లు కాదు. దానిలో ప్రవహించునది ఏదియు లేదు. ఒక నెట్టుడు, ఒక త్రిప్పుడు. ఆ రెండింటిని చెడకుండ అవతలికి చేర్చు దారి ఏదైనను దానికి సమ్మతమే. కనుక కడ్డీని జరుపుటకు నిశ్చయించితిమి.

ఉస్తాద్ నవ్వి, “ఊచ వంచితే పాయె గదా సార్, దీనికింత ఆలోచన ఎందుకు?” అనెను. మంట మీద ఊచను ఎర్రగా కాల్చి, పొగగొట్టమునకు ఎదురుగా 400 మి.మీ. మేర 60 మి.మీ. ప్రక్కకు వంచి, పది నిమిషములలో బిగించి ఇచ్చెను. చూచుటకు ముచ్చటగా ఉన్నది. సందు పెరిగినది. కాని గేరు పడునపుడు కర్ర రబ్బరులో గ్రుచ్చినట్లు మెత్తగా పోయెడిది. ఒక్కొక్కసారి పడెడిది, ఒక్కొక్కసారి పడెడిది కాదు. లోపము ఎక్కడ? విద్యార్థులు దీనిని లెక్కవేయుట మంచి అభ్యాసము. నేను నల్లబల్ల మీద వేసినదానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

మా గేరు కర్ర కీలుకు పైన 200, క్రింద 50 మి.మీ. ఉన్నది. కనుక చేతి బలము నాలుగు రెట్లగును. కదలిక నాలుగవ వంతగును. చేతితో 100 న్యూటన్లు, అనగా సుమారు పది కిలోల బరువంత నెట్టిన, కడ్డీపై 400 న్యూటన్లు పడును. పిడి 48 మి.మీ. కదలిన, కడ్డీ 12 మి.మీ. కదలును. ఇది తిన్నని కడ్డీ సంగతి. కడ్డీ 60 మి.మీ. ప్రక్కకు వంగినపుడు ఆ 400 న్యూటన్లు వంగిన భాగమును విల్లు వలె మరింత వంచ జూచును. ఆ వంపు భ్రామకము 400ను 60తో గుణించగా 24,000 న్యూటన్ మిల్లీమీటర్లు. 10 మి.మీ. గుండ్రని కడ్డీలో దాని వలన కలుగు ప్రతిబలము చదరపు మిల్లీమీటరుకు సుమారు 244 న్యూటన్లు. మెత్తని ఉక్కు శాశ్వతముగా లొంగిపోవు హద్దు సుమారు 250. అనగా గేరు వేసిన ప్రతిసారి మేము కడ్డీని దాని ఓర్పు అంచుదాక తీసికొని పోవుచున్నామన్నమాట.

లొంగకపోయినను చిక్కే. బలమును, ప్రక్క దూరపు వర్గమును, వంగిన భాగపు పొడవును గుణించి, యంగ్ గుణకముతోను, కడ్డీ మధ్యచ్ఛేదపు రెండవ భ్రామకముతోను భాగించిన, విల్లు ఎంత సాగునో వచ్చును. యంగ్ గుణకము చదరపు మిల్లీమీటరుకు 2,00,000 న్యూటన్లు, 10 మి.మీ. కడ్డీకి రెండవ భ్రామకము 491. ఫలితము 5.9 మి.మీ. కడ్డీ చేయవలసిన ప్రయాణమే 12. అందు దాదాపు సగము ఊచ వంగుటకే సరిపోయినది. పిడి వద్ద ఇది 23 మి.మీ. పైమాట. కర్ర మెత్తగా పోవుటకు కారణము ఇదియే. మనము గేరు వేయుట లేదు, స్ప్రింగును నొక్కుచున్నాము.

ఈ లెక్కలోని ఒక మాటను గమనింపుడు. ప్రక్క దూరము వర్గముగా వచ్చినది. కనుక వంపు రెట్టింపైన మెత్తదనము నాలుగింతలగును. ఉస్తాద్ ఈ సూత్రమును చూడలేదు గాని, ఊచను చేతిలోనికి తీసికొని రెండు కొసలు నొక్కి, “ఔ, ఇది కమాన్‌పట్టా అయిపోయింది” అని ఒప్పుకొనెను. కమాన్‌పట్టా అనగా బండి చక్రముల మీది విల్లు.

తరువాత రెండు మార్గములు కనిపించినవి. మొదటిది తీగ. నేటి కార్లలో పెక్కింట నెట్టు తీగ ఒకటి, త్రిప్పు తీగ ఒకటి గేరుబాక్సును చేరును. ఎటు కావలెనన్న అటు వంగిపోవును. కాని తీగ తొడుగు లోపలి పొర ప్లాస్టిక్కు. బిగువైన వంపులలో ఒరపిడి పెరుగును. వేడిని దాటుటకు వచ్చిన మాకు వేడికి ఓర్వని వస్తువును తెచ్చుకొనుట రుచింపలేదు. ఖర్చు సంగతి సరేసరి.

రెండవది కడ్డీని మూడు తునకలు చేయుట. ముందు తునక, వెనుక తునక ఒకదానికొకటి సమాంతరముగా ఉండును. వాని నడుమ 90 మి.మీ. ప్రక్క దూరము. ఈ రెండింటిని కలుపుచు 350 మి.మీ. మేర వాలుగా నడిమి తునక. కలిసిన రెండు చోట్లను క్రాసు కీళ్ళు. జీపు ప్రొపెల్లరు షాఫ్టుకు, ట్రాక్టరు వెనుక యంత్రములను త్రిప్పు షాఫ్టుకు ఉండునది ఇదే కీలు, మనది బొటనవ్రేలంత. దీనికి హుక్ పేరు కలదు. స్ప్రింగు సాగుడు బలమును అనుసరించునని చెప్పిన రాబర్ట్ హుక్ ఆయనే. ఒకే మనిషి చెప్పిన ఒక నియమము మా ఊచను తప్పుపట్టినది, ఆయన పేరిటి కీలు దారి చూపినది.

ఈ అమరికలో త్రిప్పుడు సంగతి సులభము. ముందు తునక తిరిగిన, కీళ్ళ ద్వారా వెనుక తునక తిరుగును. 350కి 90 చొప్పున వాలు కోణము సుమారు 14 డిగ్రీలు. ఒక్క క్రాసు కీలు కోణములో తిరిగినపుడు వేగము సమముగా రాదు. ఈ కోణమున నూటికి మూడు వంతులు హెచ్చుతగ్గులగును. రెండవ కీలు ఆ తేడాను సరిదిద్దును. అయితే నడిమి తునక రెండు కొసలనున్న చీలికలు ఒకే వరుసలో ఉండవలెను. మొదటిసారి వెల్డింగు చేసినపుడు అవి అడ్డదిడ్డముగా వచ్చినవి. ఇది నేను చూడలేదు. ఉస్తాద్ కంటితో చూచి, “జీపు షాఫ్టు ఇట్ల ఎక్కిస్తే గడగడలాడిపోతది సార్” అని కోసి మరల అతికించెను. గేరు కడ్డీ తిరుగునది కొద్ది డిగ్రీలే గనుక మా పనికి ఆ తప్పు పెద్ద హాని చేసియుండదు. అయినను తప్పు తప్పే.

జరుగుడు సంగతి కొంచెము సూక్ష్మమైనది. ముందు తునక 12 మి.మీ. జరిగిన, నడిమి తునక వాలు మారకుండ అంతయు కలిసి జరుగును. వెనుక తునకయు 12 జరుగును. నష్టము లేదు. కాని వాలుగా నెట్టినపుడు బలములో ఒక భాగము ప్రక్కకు తోయును. 400 న్యూటన్లకు ప్రక్కతోపు సుమారు 103 న్యూటన్లు, అనగా పది కిలోల పైమాట. దీనిని అడ్డగింపనిచో కీలు ప్రక్కకు ఒరిగి కడ్డీ మెలిక పడును. కనుక ముందు తునకకు ఒకటి, వెనుక తునకకు ఒకటి, కీళ్ళకు వీలైనంత దగ్గరగా బుష్‌లు బిగించితిమి. ఈసారి నైలాన్ కాదు, లేత్ మీద త్రిప్పించిన గన్‌మెటల్.

కడ్డీ బదులు 20 మి.మీ. వ్యాసము, 2 మి.మీ. మందము గల గొట్టమును వాడితిమి. దీని లోహము 10 మి.మీ. కడ్డీలోని లోహమునకు ఒకటిన్నర రెట్లకు లోపే. వంపునకు లొంగని గుణము మాత్రము తొమ్మిది రెట్లు పైన. లోహము నడిమి గీతకు ఎంత దూరముగా ఉండునో అంత ఉపయోగము. వెదురు బొంగులో ప్రకృతి పాటించినది ఇదే.

సందు ఎంత వచ్చినది? పొగగొట్టము నడిమి నుండి కడ్డీ నడిమికి మునుపు 43 మి.మీ. ఉండెను, ఇపుడు 133. అంచు నుండి అంచుకు 103. దూరము మూడు రెట్లయినది గనుక వేడి తొమ్మిదవ వంతగునని ఒక విద్యార్థి తొందరపడెను. దీపము వంటి బిందువు విషయమున అది సత్యము. పొడవైన గొట్టము విషయమున వేడి దూరమును బట్టి తగ్గునే గాని దూరపు వర్గమును బట్టి కాదు. కనుక మూడవ వంతుకు తగ్గినది, అంతియే. మిగిలినదానిని ఆపుటకు నడుమ పలుచని అల్యూమినియము రేకును, రెండు వైపుల గాలి ఆడునట్లు నిలిపితిమి. పొగగొట్టమునకు ఆస్బెస్టాసు తాడు చుట్టుదమని ఎవరో అనిరి. వెనుకటి షెడ్డులలో అది వాడుకయే. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి కాన్సరు తెచ్చునని రుజువైనది గనుక షెడ్డులో మిగిలియున్న పాత చుట్టను సైతము ముట్టవద్దంటిని.

ఇంతతో తీరినదని మరల చేనికి పోయితిమి. ఈసారి కట్టె కుప్పలకు దూరముగా, ఇసుకయు మంటలార్పు సిలిండరును బండిలోనే పెట్టుకొని. గేర్లు చక్కగా పడినవి. కాని మూడవ గేరులో ఆక్సిలరేటరు గట్టిగా త్రొక్కి వదలినపుడెల్ల గేరు దానంతట అదే ఊడి న్యూట్రలుకు వచ్చినది. నేను కీళ్ళను అనుమానించితిని. ప్రతి కీలులో 0.2 మి.మీ. వదులున్నదనుకొన్నను, ఆరు కీళ్ళకు 1.2, పిడి వద్ద 5 మి.మీ. లోపే, గేరు ఊడుటకు అది చాలదు. అపుడు ఉస్తాద్ మూలనున్న పాత ఆసరా కడ్డీని కాలితో తన్ని, “దీన్ని పనికిరాదని పారేస్తిమి గదా” అనెను.

అడ్డముగా కూర్చున్న ఇంజను, చక్రములను త్రిప్పునపుడు తాను ఎదురుగా ముందు వెనుకలకు ఊగును. గేరుబాక్సు దానితోనే ఊగును. గేరు కర్ర చట్రమునకు బిగించియుండగా, గేరుబాక్సు ఊగిన ప్రతిసారి కడ్డీ తనంతట తాను గేరును లాగుచున్నట్లగును. ఆసరా కడ్డీ గేరు కర్ర గూటిని గేరుబాక్సుకు కట్టివేయును. గూడు రబ్బరు మీద ఉండును. ఇంజను ఊగిన గూడు కూడ అంతే ఊగును. కదలక మెదలక ఉన్న ఆ కడ్డీ చేయుచుండిన పని అది. స్థలము చాలదని దానిని వదలినది నేనే. మరల అమర్చితిమి. దానికిని అదే వాలు వంపు తప్పలేదు గనుక 25 మి.మీ. వ్యాసము, 2 మి.మీ. మందము గల గొట్టము తీసికొంటిమి. పాత 10 మి.మీ. కడ్డీకంటె దాదాపు 20 రెట్లు బిగువైనది. మూడవ గేరు ఆ తరువాత ఊడలేదు.

కళాశాల కమిటీ పెద్దలు ఈ బండి రోడ్డు మీద తిరుగునా యని అడిగిరి. తిరుగదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నిర్మాత నిర్దేశించిన రూపమునకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతము ఆ సెక్షనును అట్లే వ్యాఖ్యానించినది. మనది మార్పు చేసిన బండి కూడ కాదు, ఏ నిర్మాతయు ఎరుగనిది. దానికి రిజిస్ట్రేషను లేదు. అందుచేత దానిని చేని లోపలను, షెడ్డు ఆవరణలోను మాత్రమే నడుపుదుము. విద్యార్థులు దానిని తారురోడ్డెక్కించి ఆదోనికి తీసికొని పోవలెనని ముచ్చట పడిరి గాని నేను తాళము చెవి నా వద్దనే ఉంచుకొంటిని.

చివరి పరీక్షలో క్రొత్త గొట్టము మీద మూడు సాక్ష్యములు ఉంచితిమి. ఒకచోట కొవ్వొత్తి మైనము రాచితిమి. అది 60 డిగ్రీల ప్రాంతమున కరగును. ఒకచోట రేడియో మరమ్మతువారి టంకపు తునకను తీగతో కట్టితిమి. అది 183 డిగ్రీలకు కరగును. ఒకచోట ఉక్కును అద్దము వలె మెరుగు పెట్టితిమి. రేగడిలో అరగంట శ్రమపెట్టిన తరువాత మైనము కరగిపోయినది, టంకము చెక్కు చెదరలేదు, మెరుగు రంగు మారలేదు. మట్టి ముద్ద పరీక్షలో కనీసపు సందు 92 మి.మీ. వచ్చినది.

అన్నియు బాగున్నవని వ్రాయలేను. రివర్సు గేరుకు ఇప్పటికిని చేయి నొచ్చును. నెల దినములు నడిపి వెనుక బుష్‌ను ఊడదీయగా రంధ్రము ఒక వైపునకు అర మిల్లీమీటరు కోలగా అరిగియున్నది. ప్రక్కతోపు ఏ దిక్కునకు ఉండునని లెక్క చెప్పినదో సరిగా ఆ దిక్కుననే. దాని పొడవు 15 మి.మీ. మాత్రమే. 30 మి.మీ. పొడవు గల బుష్‌ను త్రిప్పుటకు ఉస్తాద్ లేత్ వానికి కొలత వ్రాసి పంపినాడు.